అక్షరం క్రింది చుక్క: తెలుగు అచ్చులో ఉర్దూ పేర్లు
ఉర్దూలో "కమర్" అని వినబడే మాటలు రెండున్నవి. ఒకదానికి నడుము అని అర్థం, రెండవదానికి చంద్రుడు అని అర్థం. ఉర్దూ లిపిలో ఈ రెండింటికి మొదటి అక్షరములే వేరు. నడుమునకు నాలుక వెనుకభాగంతో పలికే కాఫ్. చంద్రునకు గొంతు లోతునుండి వచ్చే మరియొక కాఫ్. ఆ రెండవ అక్షరం పేరును కూడా తెలుగులో "కాఫ్" అనియే వ్రాయవలసి వచ్చుట గమనింపదగినది. అనగా తెలుగులో వ్రాయునప్పుడు ఆ మాటలే కాదు, వాటిని విడదీసే అక్షరముల పేర్లు కూడా ఒకటైపోవుచున్నవి.

ఇటువంటి జంటలు మన విద్యార్థులకు ఇంటిలో వినబడేవే. అలంకరించుకొనినది "సజా", శిక్షయు "సజా". యుద్ధం "జంగ్", ఇనుమునకు పట్టే తుప్పు "జంగ్". పాము పడగ "ఫన్", కళ "ఫన్". పరిపాలన "రాజ్", రహస్యం "రాజ్". త్రవ్వబడినది "ఖుదా", దేవుడు "ఖుదా". ఉర్దూలో ఏ జంటయు ఒకే విధంగా వ్రాయబడదు. తెలుగులో అన్నియు ఒకే విధంగా వ్రాయబడుచున్నవి. ఇక్కడ లోపం తెలుగు లిపిదని అనుటకు వీలులేదు. ఏ లిపియైనను తన భాషలోని ధ్వనులకు ఏర్పడినదే. అయితే రెండు భాషలు ఒకే ఇంటిలో, ఒకే తరగతిలో, ఒకే హాజరుపట్టికలో కలిసి బ్రతుకుచున్నప్పుడు ఈ ప్రశ్న పండితులది మాత్రమే కాదు. ఒక విద్యార్థి పేరు యోగ్యతాపత్రంలో ఏ విధంగా పడవలెనన్నది కూడా ఈ ప్రశ్నలో భాగమే.

దీనికి నాగరీ లిపి చాలకాలం క్రిందటనే ఒక ఉపాయం కనుగొన్నది: అక్షరం క్రింద ఒక చుక్క. ఉర్దూవారు దానిని నుక్తా అందురు. తెలుగులో కూడా, ముఖ్యంగా అరబ్బీ పాఠమును తెలుగు లిపిలో ఇచ్చు పుస్తకములలో, ఇటువంటి చుక్కలు వాడబడినవి. ఆ చుక్కను కాగితంపై పెన్నుతో పెట్టుట అరక్షణం పని. దానినే యంత్రంచేత పెట్టించుట ఎంత పని అన్నది ఈ వ్యాసవిషయం. ఈ వ్యాసంలో చుక్క ఉండవలసిన చోట అక్షరమును మాత్రమే అచ్చువేయించి చుక్కను మాటతో చెప్పుచున్నాను. కారణం ముందుకు పోగా తెలియగలదు.

మొదట భాషను గూర్చి రెండు మాటలు. అరబ్బీ, పారశీక పదములు తెలుగులోనికి నేడు వచ్చినవి కావు. జిల్లా, తహసీలు, హాజరు, ఖరారు, రాజీనామా, ఖాళీ, ఫసలీ, జమాబందీ – ఇవి లేనిదే మన పరిపాలనాభాష ఒక్క దినమైనను నడవదు. వీటికి చుక్కలు పెట్టవలెనని ఎవరైనను అన్నచో నేను ఒప్పుకొనను. అవి తెలుగు మాటలైపోయినవి. "జిల్లా"లోని జ తెలుగువాని నోట తెలుగు జకారమే. "ఖాదర్", "ఖాసిం", "ఖాజీ" అను పేర్లలో మరియొక విశేషమున్నది. ఉర్దూ పుస్తకభాష ప్రకారం వీటి మొదటి అక్షరం గొంతు లోతునుండి వచ్చే కాఫ్. కాని దక్కనులో, రాయలసీమలో మాట్లాడే దక్కనీ ఉర్దూలో ఆ కాఫ్ ఖకారముగా పలుకబడుతుంది. కలమును మనవారు "ఖలం" అందురు. కబరును "ఖబర్" అనుటచేత సమాధికిని వార్తకును తేడా లేక పోవుట మనకు పాత నవ్వులాటయే. "ఖబరస్తాన్" అని తెలుగులో వ్రాసిన వ్రాయసకాడు తప్పు వ్రాయలేదు. తన చెవికి వినబడినది వ్రాసినాడు. కనుక ఖాదర్ అన్న తెలుగు వర్ణక్రమం మన ప్రాంతపు ఉచ్చారణకు సాక్ష్యపత్రం. దానిని "దిద్ది" కకారం చేసి క్రింద చుక్క పెట్టుట శాస్త్రం కావచ్చును, ఆ పేరు గల వానిని అడుగకుండ చేసినచో మర్యాద కాదు.

చుక్క చేయలేనిది మరియొకటి ఉన్నది. ఉర్దూలో ఒకే ధ్వనికి నాలుగు అక్షరములున్నవి. జుబేదాకు జే, జాకిర్‌కు జాల్, రజియాకు జాద్, జహీర్‌కు జోయ్. నాలుక నాలుగింటిని ఒకే విధంగా పలుకుతుంది, కలం నాలుగు విధములుగా వ్రాస్తుంది. తెలుగు జకారం క్రింద చుక్క పెట్టినను ఆ నాలుగును ఒకటే. చుక్క ఉచ్చారణను తెలుపుతుంది, ఉర్దూ వర్ణక్రమమును తెలుపదు. ఈ సంగతి తెలియక, చుక్కలు వచ్చినవి గదా, ఇక తెలుగు లిపినుండి ఉర్దూ లిపికి యంత్రమే మార్చివేయునని కొందరు విద్యార్థులు అనుకొనుచున్నారు. అది జరుగదు.

ఇక యంత్రం మాట. కంప్యూటరునకు అక్షరం బొమ్మ కాదు, సంఖ్య. ప్రపంచంలోని లిపులన్నిటికి ఉమ్మడిగా సంఖ్యలు కేటాయించు ప్రమాణం పేరు యూనికోడు. 1991లో వెలువడిన మొదటి కూర్పులోనే తెలుగు ఉన్నది. దశాంశ గణనలో చెప్పవలెనన్నచో 3072 నుండి 3199 వరకు, 128 గదులు తెలుగువి. క 3093, జ 3100, ఫ 3115. గుణింతపు గుర్తులకు వేరు సంఖ్యలు: దీర్ఘం 3134, గుడి 3135. పొల్లునకు 3149. వత్తులకు మాత్రం సంఖ్యలు లేవు. "క్త" వ్రాయవలెనన్నచో క, పొల్లు, త అను మూడు సంఖ్యలు వరుసగా ఉండును. త వత్తుగా మారి క్రిందికి దిగుట ఫాంటు పని.

ఈ అంటుగుర్తుల పద్ధతి మనకు మాత్రమే పరిమితం కాదు. ఫ్రెంచి భాషలో ఇ అక్షరంపై వాలుగీత ఉన్న రూపమును రెండు విధముల వ్రాయవచ్చును. 233 అను ఒకే సంఖ్యగా వ్రాయవచ్చును. 101 అను అక్షరమునకు 769 అను గీతను అంటించియు వ్రాయవచ్చును. కంటికి రెండును ఒకటే, యంత్రమునకు వేరు. అందుచేత ఇవి సమానములని పోల్చుకొనుటకు యూనికోడులోనే ఒక సమీకరణవిధి ఏర్పరచబడినది. తెలుగులో ఇటువంటి జంట ఒక్కటే: ఐత్వం. దానికి 3144 అను సొంత సంఖ్య కలదు. 3142 అను ఎత్వమును, 3158 అను క్రింది తోకను కలిపినను అదే ఐత్వం. మన పిల్లలు "కై" వ్రాయునప్పుడు పైన ఎత్వం పెట్టి క్రింద తోక తగిలించుదురు గదా! ప్రమాణకర్తలు ఆ రెండు కదలికలను అట్లే నమోదు చేసినారు. నాగరీలో చుక్కగల ఎనిమిది అక్షరములకు ముందే విడి సంఖ్యలు ఇచ్చి, తరువాత సమీకరణలో వాటిని అక్షరం, చుక్క అని రెండుగా విడదీయవలెనని నిర్ణయించినారు. తెలుగునకు ఆ చిక్కు లేదు. విడి అక్షరములు ఇయ్యలేదు, చుక్క ఒక్కటే ఇచ్చినారు.

అయితే ఎప్పుడు ఇచ్చినారు? కుప్పం, రామకుప్పం ప్రాంతం మూడు రాష్ట్రముల కూడలి. ఇక్కడివారికి కన్నడమును తమిళమును కంటి ఎదుటి లిపులు. కన్నడ లిపికి నుక్తా 2003లోనే యూనికోడులో చేరినది. తమిళులు ఫకార ధ్వనికి తమ ఆయుధాక్షరమును పకారం ముందు పెట్టి, పాత అక్షరములతోనే పని గడుపుకొనినారు. తెలుగు నుక్తా 2021 సెప్టెంబరులో, 14వ కూర్పులో చేరినది. సంఖ్య 3132. కన్నడం తరువాత పదునెనిమిది సంవత్సరములు. ఆ జాగునకు ఎవరినో నిందించుటకంటె, అడుగవలసిన మనం అడుగలేదని చెప్పుకొనుట న్యాయం. తెలుగు వ్రాసే ముస్లిములు తమ పేర్లను చుక్క లేకుండ వ్రాయుటకు అలవాటుపడినారు. పండితులకు దానితో అవసరం పడలేదు.

ఇతర గుర్తులు కూడా ఇట్లే ఆలస్యంగా వచ్చినవి. చలి, జల్లెడ వంటి మాటలలోని దంత్య చ, జలకు నిఘంటువులవారు అక్షరంపై చిన్న గుర్తు పెట్టెడివారు. ఆ ౘ, ౙలు 2008లో చేరినవి. అరసున్న మొదటినుండి ఉన్నది గాని, అది అక్షరం ప్రక్కన నిలుచును. అక్షరం పైన కూర్చుండే చంద్రబిందువు 2014లో వచ్చినది.

సంఖ్య వచ్చినంత మాత్రాన చుక్క కనబడదు. సంఖ్యను రూపంగా మార్చునది ఫాంటు. 2021కు ముందు తయారైన ఫాంటులో 3132కు రూపం ఉండకపోవుట సహజం. అప్పుడు మూడింటిలో ఒకటి జరుగుతుంది. ఖాళీ పెట్టె కనబడవచ్చును. చుక్కల వలయం ఒకటి కనబడి దానికి గుర్తు తగిలియుండవచ్చును. లేదా యంత్రం ఆ చుక్కను మరియొక ఫాంటునుండి అరువు తెచ్చి ఎక్కడనో పడవేయవచ్చును. ఈ మూడవది అన్నింటికంటె చెడ్డది. మొదటి రెండింటిలో తప్పు ఉన్నట్లు తెలుస్తుంది. మూడవదానిలో చుక్క ప్రక్క అక్షరం క్రిందికి పోయి, పాఠకుడు దానిని అచ్చు మరకయని తుడిచివేయును.

ఫాంటులో చుక్క ఉన్నను, అది ఎక్కడ నిలువవలెనో చెప్పుట మరియొక పని. పాత టైపురైటరును ఎరిగినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. కొన్ని మీటలు నొక్కినప్పుడు బండి కదలదు. గుర్తు పడును, కాగితం అక్కడనే ఉండును, తరువాతి అక్షరం దానితో కలిసి పడును. ఫాంటులో కూడా అంటుగుర్తునకు వెడల్పు సున్న. కాని టైపురైటరులో అక్షరములన్నియు ఒకే వెడల్పు గనుక ఒక్క స్థానం చాలినది. తెలుగులో గకారం సన్నం, ఖకారం దానికంటె విస్తారం. ఒకే చోట పెట్టిన చుక్క ఒకదానికి నడుమ పడును, మరియొకదానికి అంచున వ్రేలాడును. అందుచేత ఫాంటు చేయువారు ప్రతి అక్షరంలోను ఒక లంగరు బిందువు గుర్తింతురు. చుక్కకు కూడా ఒక లంగరు ఉండును. రెండు లంగరులు ఒకదానిపై ఒకటి పడునట్లు యంత్రం చుక్కను జరుపును. 1996లో మైక్రోసాఫ్టు, అడోబీ సంస్థలు ప్రకటించిన ఓపెన్‌టైప్ పద్ధతిలో ఈ లంగరుల పట్టికకు ప్రత్యేక స్థానమున్నది. ఒక గుర్తునకు మరియొక గుర్తును తగిలించుటకు కూడా వేరే పట్టిక కలదు. వియత్నాం భాషలో ఒక అచ్చుపై రెండు గుర్తులు దొంతరగా నిలుచును. వారికి అది లేనిదే గడవదు.

తెలుగు అక్షరమునకు ఈ లంగరు వేయుట లాటిన్ అక్షరమునకు వేసినంత తేలిక కాదు. ఏలయన, లాటిన్ అక్షరం గుర్తు తగిలినను తన రూపం మార్చుకొనదు. మన కకారం గుడి తగిలిన వెంటనే తలకట్టు విడిచి "కి" అగును. ఖ, జ, ట, ణ, బ, ల వంటి వాటికి తలకట్టు మొదటినుండి లేదు. అనగా ఫాంటులో ఒక అక్షరమునకు తలకట్టుతో, తలకట్టు లేకుండ, గుడితో, గుడిదీర్ఘంతో ఎన్ని రూపములున్నవో అన్నింటికి వేరుగా లంగరు వేయవలెను. ఒక్కదానిని మరచినను "జ"కు సరిగా పడిన చుక్క "జీ"కి తప్పిపోవును.

చుక్క అనునది తెలుగు లిపికి క్రొత్త వస్తువు కాదని కూడా ఇక్కడ చెప్పవలెను. ర కడుపులో చుక్క పెట్టగా ఠ. ధ కడుపులో చుక్క పెట్టగా థ. మనకు చుక్కతో అక్షరభేదం చూపుట అలవాటే. కాని ఆ చుక్కలు కడుపులో ఉన్నవి, అక్కడ చోటు ఉన్నది. నుక్తా ఉండవలసినది క్రింద. తెలుగులో క్రింది అంతస్తు ఇదివరకే క్రిక్కిరిసియున్నది.

దీనికి ఫకారమును మించిన ఉదాహరణ లేదు. ప క్రింద చిన్న నిలువుగీత చేర్చగా ఫ అయినది. ఛ, ఢ, ధ, భలకును అదే గీత. నుక్తా పడవలసిన సరియైన చోటనే ఆ గీత కూర్చుండియున్నది. చుక్కను గీతకు క్రింద పెట్టిన పంక్తి ఎత్తు పెరుగును; ప్రక్కన పెట్టిన గీతకు అతుకుకొని మరకవలె కనబడును. ఇప్పుడు "ఫైజ్" అను పేరును చూడుడు. పలుకుటకు చిన్న పేరు. దీనిలో ఫకు చుక్క, జకు చుక్క, ఫపై ఐత్వం. ఐత్వపు తోక క్రిందనే దిగును. కనుక ఒక్క అక్షరం క్రింద నిలువుగీత, చుక్క, తోక – మూడును పోటీపడును. చుక్కలు లేకుండ ఈ పేరు నాలుగు సంఖ్యలు: 3115, 3144, 3100, 3149. చుక్కలతో ఆరు: 3115, 3132, 3144, 3100, 3132, 3149. చుక్క ఎప్పుడును అక్షరమునకు వెంటనే రావలెను, తరువాతనే గుణింతం. పొల్లును ముందు కొట్టి చుక్కను తరువాత కొట్టినచో సమీకరణవిధి వాటి వరుసను సరిదిద్దును. ఏలయన ప్రతి గుర్తునకు ఒక తరగతి ఉన్నది, చుక్కది 7, పొల్లుది 9, చిన్న సంఖ్య ముందు. ఐత్వం మొదలగు చాల గుణింతపు గుర్తులకు ఆ రక్షణ లేదు. ఐత్వం కొట్టిన తరువాత చుక్క కొట్టినచో అది వేరొక మాటగానే మిగిలిపోవును.

వత్తులు చేరినప్పుడు చిక్కు ముదురును. "దఫ్తరు"లో ఫ క్రింద గీత, దానికి చుక్క, ఆపై త వత్తు. "తఖ్తా"లో ఖ క్రింద చుక్క, త వత్తు. ఇక "నక్షా". సర్వేశాఖ పుణ్యమా అని ఈ మాట తెలియని రైతు లేడు. ఉర్దూలో దీని కకారం గొంతు కాఫ్. తెలుగులో క్షకు ప్రత్యేకమైన రూపమున్నది. క, పొల్లు, ష అను మూడు సంఖ్యలు వరుసగా కనబడినప్పుడు ఫాంటు ఆ రూపమును తెచ్చిపెట్టును. నడుమ చుక్క ప్రవేశించిన వెంటనే ఆ వరుస తెగిపోవును. ఫాంటు చేసినవారు "క, చుక్క, పొల్లు, ష" అను నాలుగింటికి వేరే నియమం వ్రాసియుండనిచో నక్షాలోని క్ష కరిగిపోయి, క క్రింద మామూలు ష వత్తు పడును. చదువరి దానిని తప్పు అచ్చు అనుకొనును. తెలుగు కన్నువానికి పరిచితమైన రూపమును చెడగొట్టి ఉర్దూ నాలుకను తృప్తిపరచుట నాకు సమ్మతం కాదు. నక్షాను నక్షాగానే ఉండనిచ్చుట మేలు.

ఉర్దూ అచ్చునకు ఇటువంటి బాధ లేదా? ఇంకను ఎక్కువ. నస్తాలీఖ్ లిపిలో మాట కుడినుండి ఎడమకు పోవుచు, క్రమంగా క్రిందికి జారును. చుక్కలు పైన ఒకటి, రెండు, మూడు. క్రింద ఒకటి, రెండు, మూడు. పెద్ద యే అక్షరం మాట చివర వచ్చినప్పుడు దాని తోక వెనుకకు తిరిగి మాట క్రింద చాపవలె పరచుకొనును. ముందరి అక్షరముల క్రింది చుక్కలు ఆ తోకపై పడకుండ తప్పించవలెను. దీనికితోడు జబర్, జేర్, పేష్ గుర్తులు. కాతిబు చేయి ఇవన్నియు ఆలోచింపకుండ చేయును. 1927లో స్థాపింపబడిన చెన్నై దినపత్రిక "ది ముసల్మాన్" కాతిబుల చేతివ్రాతతోనే వెలువడుతూ పేరుపొందినది. యంత్రమునకు ఆ విద్య అబ్బుటకు చాలకాలం పట్టినది. మిర్జా అహ్మద్ జమీల్ అను లేఖకుడు వేలకొలది అక్షరముల కలయికలను ఒక్కొక్కటిగా తన చేతితో వ్రాసి ఇయ్యగా నూరీ నస్తాలీఖ్ ఏర్పడినది. 1981లో లాహోరులో "జంగ్" పత్రిక దానితో అచ్చయినది. అనగా వారు లంగరులు వేయలేదు. చుక్కలతో సహా కలయికలనే బొమ్మలుగా పోతపోసినారు. తరువాతి కాలంలో వచ్చిన నస్తాలీఖ్ ఫాంటులలో నియమముల ప్రకారం చుక్కలు జరుగునవి కూడా కలవు. తెలుగు ఫకారం క్రింద ఒక చుక్క ఇమడలేదని విసుగుకొను విద్యార్థి, ఉర్దూ వాచకంలో ఒక పుటను ఈ దృష్టితో చూచినచో ఓపిక తెచ్చుకొనును.

అంటుగుర్తుల పనిని తేలికగా తీసుకొనరాదనుటకు 2018 ఫిబ్రవరిలో జరిగిన సంగతి ఒకటి చాలును. ఐఫోనునకు ఎవరైనను ఒక తెలుగు అక్షరం పంపినచో, దానిని చూపబోయిన అప్లికేషను కూలిపోవుచుండెడిది. ఆ అక్షరం మన "జ్ఞానం"లోని మొదటిది. జ, పొల్లు, ఞ, ఆపై 8204 అను కంటికి కనబడని గుర్తు, తరువాత దీర్ఘం – ఈ అయిదింటి వరుసను కూర్పు యంత్రాంగం తట్టుకొనలేకపోయినది. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19వ తేదీన 11.2.6 కూర్పుతో దానిని సరిదిద్దినది. ప్రపంచ పత్రికలన్నియు తెలుగు అక్షరమును అచ్చువేసిన అరుదైన సందర్భమది, కారణం మాత్రం గర్వపడదగినది కాదు.

ఆ 8204ను గూర్చి కొంచెము ఆగవలెను, ఏలయన మన కళాశాలకు చుక్కకంటె ఇదియే ఎక్కువ సంబంధించినది. అది విడదీయు గుర్తు. పొల్లునకు తరువాత దీనిని పెట్టినచో ప్రక్క హల్లు వత్తుగా మారదు. మన ప్రాంతపు పేర్లు చూడుడు: మస్తాన్‌వలి, ఖాదర్‌బాషా, మహబూబ్‌బాషా. విడదీయు గుర్తు లేనిచో ఇవి మస్తాన్వలి, ఖాదర్బాషా, మహబూబ్బాషా అగును. మస్తాన్ వేరు, వలి వేరు. వాటిని నకారం క్రింద వ వత్తుగా నొక్కివేయుట పేరును విరుచుటయే. ఒక పత్రంలో గుర్తుతో, ఒక పత్రంలో ఖాళీ విడిచి, ఒక పత్రంలో వత్తుతో ఉన్నచో కంటికి ఒకే మనిషి, యంత్రమునకు ముగ్గురు. పేరుతో వెదకినప్పుడు "లేడు" అని వచ్చును. ఒక విద్యార్థికి ఇట్లే ఒక కార్యాలయంలో రెండు పత్రముల పేర్లు కలియలేదని ఉపకారవేతనం ఒక త్రైమాసికం ఆగినది. తేడా ఏమని చూడగా తెరపై ఏమియు కనబడలేదు. సంఖ్యలు లెక్కించినప్పుడు ఒకదానిలో ఒక సంఖ్య ఎక్కువ ఉన్నది.

ఉర్దూ వైపున కూడా ఇదే తగవు. ఉర్దూ యే 1740, అరబ్బీ యే 1610. ఉర్దూ కాఫ్ 1705, అరబ్బీ కాఫ్ 1603. అరబ్బీ మీటలతో ఉర్దూ పేరు కొట్టినచో మాట నడుమ రూపం అదే, సంఖ్య వేరు. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఉర్దూను రెండవ అధికారభాషగా శాసనం చేసిన తరువాత రెండు లిపులలో పేరు నమోదు కావలసిన అవసరం పెరుగునే గాని తగ్గదు.

కమిటీవారి దృష్టికి తేదలచినది ఇంక ఒకటి ఉన్నది. మన వంటి సంచికలు చాలవరకు ఇప్పటికిని పాతకాలపు డి.టి.పి. ఫాంటులతో కూర్పబడుచున్నవి. ఆ ఫాంటులలో తెలుగు తునకలు ఇంగ్లీషు అక్షరముల గదులలో దాచబడియుండును. తలకట్టు ఒక గదిలో, గుడి ఒక గదిలో, వత్తు ఒక గదిలో. పాత ప్రెస్సులో కంపోజిటరు సీసపు అచ్చులను కేసునుండి ఏరి పేర్చిన పద్ధతియే ఇది. అచ్చు అందంగానే వచ్చును. కాని ఆ ఫాంటు లేని యంత్రంలో తెరచినచో ఇంగ్లీషు అక్షరముల గందరగోళం తప్ప ఏమియు మిగులదు. వాటిలో నుక్తాకు గది లేదు, క్రొత్తగా చేర్చువారును లేరు. ఈ వ్యాసంలో చుక్కలు అచ్చువేయించకపోవుటకు కారణం ఇదియే. యూనికోడు ఫాంటులకు మారుటకు ఖర్చు పెద్దది కాదు. తెలుగునకు పోతన, వేమన ఫాంటులు తయారుచేసి ఉచితంగా ఇచ్చిన తిరుమల కృష్ణదేశికాచార్యుల వంటివారు ఆ దారి వేసి చాల సంవత్సరములైనది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలోనే గౌతమి అను తెలుగు ఫాంటు ఉండెడిది. మారుటకు కావలసినది కూర్చువారికి కొన్ని దినముల అలవాటు.

ఏ ఫాంటు తీసుకొనవలెనన్నది ఎవరి మాటమీదను నిర్ణయింపనక్కరలేదు. ఒక తెల్లకాగితంపై ఈ మాటలు అచ్చువేయించి చూడవచ్చును: చుక్కలతో ఫైజ్, జీనత్, దఫ్తరు, తఖ్తా, చుక్క లేకుండ నక్షా, జ్ఞానం, రాష్ట్రం, విడదీయు గుర్తుతో మస్తాన్‌వలి. ఫైజ్‌లో చుక్క గీతకు అతుకుకొన్నదా, జీనత్‌లో చుక్క జకారం నడుమ ఉన్నదా, రాష్ట్రంలోని రెండు వత్తులును క్రింది పంక్తిని తాకకుండ ఉన్నవా అని చూడవలెను. పంక్తుల నడుమ చోటు చాలక వత్తులు తెగిపోవుట చుక్క తప్పుటకంటె సాధారణమైన దోషం. తరువాత అదే ఫైలును వేరొక యంత్రంలో తెరచి, మస్తాన్‌వలి పేరును వెదకి, దొరకినదో లేదో చూడవలెను. ప్రవేశపత్రం నింపునప్పుడే విద్యార్థి తన పేరును తెలుగులోను ఉర్దూలోను తానే వ్రాసి, యంత్రంలో పడిన రూపమును చూచి సంతకం చేయునట్లు ఏర్పాటు చేసినచో, చుక్క పెట్టవలెనా వద్దా అన్నది ఆ పేరు గలవారే చెప్పుదురు.